రాత్రి ఒకటీ నలభై తలనొప్పి: మీ ఉత్తరాలు, నా జవాబులు

పోయిన నెల వేరెవరికో జవాబిస్తూ మాటవరసకి నా క్లస్టర్ తలనొప్పి (ఒక పక్క కంటి వెనక, కొన్ని వారాలు గుంపుగా వచ్చిపోయే నొప్పి) గురించి నాలుగు లైన్లు రాశానా, అంతే, ఉత్తరాలు, మెయిళ్ళు, వాయిస్ మెసేజీలు, అత్తాకోడళ్ళ గొడవలకి కూడా ఈ కాలమ్‌కి ఇన్ని రాలేదు. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టేసి మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు, పదహారేళ్ళుగా ఈ నొప్పితో కాపురం చేస్తున్నవాణ్ణి అంతే. ఇక్కడ రాసే మందుల పేర్లు, లెక్కలు మీరు డాక్టర్ ఎదురుగా కూర్చున్నప్పుడు తెలిసి మాట్లాడ్డానికి, చీటీ లేకుండా మెడికల్ షాపుకి పోయి కొనుక్కోడానికి కాదు.

పోయిన సంచిక చూడనివాళ్ళ కోసం నా సంగతి కాస్త. నాకు ఏటా ధనుర్మాసంలో మొదలై సంక్రాంతి దాటిన మూడు వారాలకి పోయేది, మా అమ్మ దానికి ధనుర్మాసం తలనొప్పి అని పేరు కూడా పెట్టేసింది. రాత్రి ఒకటీ నలభైకి మెలకువ వచ్చేది, ఐదు నిమిషాలు అటూ ఇటూ. ఎడమ కంటిగుడ్డుని లోపల్నుంచి ఎవరో బొటనవేలు పెట్టి బయటికి తోస్తున్నట్టు ఉండేది. కిటికీ ఇనప చువ్వకి కన్ను ఆనించి నిలబడేవాణ్ణి, డిసెంబర్ చలికి ఆ చువ్వ చల్లగా ఉంటుంది కదా, ఒక్క నిమిషం అదే వైద్యం, మళ్ళీ హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి నడక, నోట్లో తువ్వాలు కొస కొరుక్కుంటూ, పిల్లలు లేస్తారేమోనని. రెండున్నరకల్లా ఎవరో స్విచ్ కట్టేసినట్టు పోయేది. పొద్దున్నే స్నానం చేసి ఆఫీసుకి మామూలుగానే పోయేవాణ్ణి, అసలు ఇబ్బంది అక్కడే, నొప్పి ఉన్నప్పుడు డాక్టరుండడు, డాక్టరున్నప్పుడు నొప్పి ఉండదు. ఆరేళ్ళు సైనస్ అనుకున్నాం, మధ్యలో రెండు కళ్ళజోళ్ళు మారాయి, పైవరస దవడ పన్ను ఒకటి పీకించుకున్నా, పాపం ఆ పన్ను మంచిదే. చివరికి మా ఆవిడ విసిగిపోయి ఒకరోజు రాత్రి ఫోన్లో నలభై సెకన్ల వీడియో తీసింది. అది చూసిన న్యూరాలజిస్ట్ (మెదడు, నరాల డాక్టర్) "నొప్పి వచ్చినప్పుడు ఎప్పుడైనా పడుకోగలిగారా?" అని ఒక్క ప్రశ్న అడిగాడు. లేదండీ అన్నా. పేరు అప్పుడే రాసేశాడు చీటీ మీద.

ఇక మీ ఉత్తరాలు.

నమస్తే సార్. మాది నిజామాబాద్ దిక్కు పల్లె. మా ఆయనకు 38 ఏండ్లు, లారీ నడుపుతడు. దసరా దాటినంక మొదలైంది, పండుకున్న గంటన్నరకు దిగ్గున లేస్తడు, కుడి కన్ను పట్టుకొని వాకిట్ల అటు ఇటు తిరుగుతడు, గోడకు తల కొట్టుకుంటడు, ఆ కన్ను ఎర్రగైతది, నీళ్ళు కారుతయి. గంటకు తగ్గుతది, మళ్ళ ఏం కానట్టే పండుకుంటడు. పోయినేడు గూడ గిట్లనే వచ్చి నెలన్నరకు పోయింది. మా అత్తమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. పక్కింటోళ్ళేమో తాగి లొల్లి చేస్తున్నడు అనుకుంటున్నరు. ఎవరికి చూపియ్యాలె?

అమ్మా, గాలీ కాదు ధూళీ కాదు, తాగుడూ కాదు. డాక్టర్ చూసి ఖాయం చేయాలి గానీ మీరు రాసినది చదువుతుంటే నా వీడియో నేనే మళ్ళీ చూసుకున్నట్టుంది. ఒకే పక్క, కంటి వెనకో కణత దగ్గరో నొప్పి, పదిహేను నిమిషాల నుంచి మూడు గంటల లోపు పోవడం, అదే పక్క కన్ను ఎర్రబడి నీళ్ళు కారడం, ముక్కు దిబ్బడ వేయడమో కారడమో, రెప్ప వాలిపోవడం, నిద్రపట్టిన గంటా రెండు గంటలకే రావడం, అన్నిటికంటే ముఖ్యం ఒక్కచోట కూర్చోలేకపోవడం. పార్శ్వపు నొప్పి, అదే మైగ్రేన్, వచ్చినవాళ్ళు లైటు ఆపేసి, తలుపేసుకుని, కదలకుండా పడుకుంటారు, కదిలితే ఎక్కువవుతుంది కాబట్టి. మీ ఆయన తిరుగుతున్నారు. ఆ తేడా ఒక్కటి డాక్టర్‌కి సరిగ్గా చెప్తే సగం పని అయిపోతుంది. వెయ్యి మందిలో సుమారు ఒకరికి ఉంటుంది ఇది, అంటే మీ పక్క ఊళ్ళో ఇంకెవరో కూడా ఇలాగే వాకిట్లో తిరుగుతుండొచ్చు.

పండుకున్న గంటన్నరకే ఎందుకొస్తుందంటారా, మెదడు లోపల అడుగున హైపోథాలమస్ అని చిన్న భాగం ఉంటుంది, నిద్ర, మెలకువ, ఒంటి గడియారం అంతా దాని చేతిలోనే. 1998లో నొప్పి వస్తుండగానే స్కాన్ తీసి చూస్తే ఆ భాగం పనిచేస్తూ కనపడింది. అందుకే ఇది టైం ప్రకారం, సీజన్ ప్రకారం వస్తుంది. క్లస్టర్ అంటే గుంపు, కొన్ని వారాలు గుంపుగా వచ్చి, నెలల తరబడి మాయమై, మళ్ళీ గుంపుగా వస్తుందని 1952లో ఆ పేరు పెట్టారు.

తాయెత్తు ఉంటే ఉండనీండి, అత్తమ్మతో గొడవెందుకు. నా భయం వేరే. ఎలాగూ నెలన్నరకి నొప్పి దానంతటదే పోతుంది, అప్పుడు మార్కులు తాయెత్తుకి పడతాయి, వచ్చే దసరాకి మళ్ళీ తాయెత్తు కట్టినాయన దగ్గరికే పోతారు. నాకు కూడా ఓ ఏడు ఒక కషాయానికి పడ్డాయి మార్కులు, పై ఏడు అదే కషాయం గ్లాసులు గ్లాసులు తాగినా కదల్లేదు.

ఈ రాత్రే చేయాల్సింది ఒకటుంది. ఫోన్లో వీడియో తీయండి, మొహం కనపడేటట్టు, ఆ ఎర్ర కన్ను కనపడేటట్టు. ఆయనకి కోపమొస్తే పొద్దున సర్దిచెప్పుకోవచ్చు. ఒక నోటుబుక్కులో తేదీ, ఎన్నింటికొచ్చింది, ఎన్నింటికి పోయింది, ఏ పక్క, అంతవరకు రాస్తే చాలు. ఈ సీజన్ పోయేదాకా మద్యం చుక్క ముట్టుకోవద్దనండి, సీజన్లో తాగితే గంటలోపే నొప్పి లేపుతుంది, సీజన్ లేనప్పుడు అదే మద్యం ఏం చేయదు, ఇదో వింత. పగలు గనక నొప్పి వస్తే లారీ పక్కకి ఆపేయాల్సిందే, రెప్ప వాలిన కన్నుతో హైవే మీద నడపడం కుదిరే పని కాదు. ఆ నోటుబుక్కు, వీడియో తీసుకుని న్యూరాలజీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, నిజామాబాద్‌లో కుదరకపోతే హైదరాబాద్ పంజాగుట్టలో నిమ్స్ ఉంది, పెద్ద న్యూరాలజీ విభాగం.

ఇంకో మాట, ఇది అందరికీ. జ్వరంతో మెడ పట్టేసినా, కాలూ చెయ్యీ బలహీనమైనా, మాట తడబడినా, జీవితంలో ఎప్పుడూ లేనంత నొప్పి ఒక్క క్షణంలో పిడుగులా పడినా, నోటుబుక్కులు వీడియోలు అన్నీ పక్కనపెట్టి వెంటనే ఎమర్జెన్సీకి పోవాలి. కన్ను ఎర్రబడి చూపు మసకబారి బల్బు చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తుంటే అది కంట్లో ప్రెషర్ పెరగడం కావచ్చు, అదే రోజు కంటి డాక్టర్ చూడాలి.

నేను తెనాలిలో టీచర్ని, 43 ఏళ్ళు. నాలుగేళ్ళలో ఒక ముక్కు ఆపరేషన్, ఒక రూట్ కెనాల్ అయ్యాయి, సీటీ స్కాన్ నార్మల్. ఇప్పుడు మైగ్రేన్ అని రోజూ ప్రొప్రనలాల్ ఇస్తున్నారు. మీది చదివాక నాదీ అదేనేమో అనిపించింది, మావారేమో అది మగవాళ్ళకొచ్చే జబ్బు అంటున్నారు. అసలు సరైన స్పెషలిస్ట్ అని ఎలా తెలుసుకోవాలి? ఇక్కడ ప్రతి బోర్డు మీదా న్యూరో అనే ఉంటుంది.

టీచరుగారూ, మగవాళ్ళకే అనేది పాత మాట. ఇప్పటి లెక్క సుమారు ముగ్గురు మగవాళ్ళకి ఒక ఆడమనిషి. ఆ పాత మాట వల్లే ఆడవాళ్ళకి మైగ్రేన్ అనో టెన్షన్ అనో రాసి పంపించేయడం ఎక్కువ. మీవారిది తప్పు కాదు, మా డెంటిస్ట్ కూడా చదువుకున్నవాడే.

బోర్డుల గొడవ మీరు బాగా పట్టుకున్నారు. ఎం.సిహెచ్. న్యూరోసర్జరీ అంటే ఆపరేషన్లు చేసేవారు, మనక్కావలసింది వారు కాదు. న్యూరో సైకియాట్రీ అని రాసి ఉంటే అది మానసిక వైద్యం. మనం వెతకాల్సింది ఎం.డి. తర్వాత డి.ఎం. న్యూరాలజీ గానీ, డీఎన్‌బీ న్యూరాలజీ గానీ చదివినవారిని. మీకు దగ్గర్లో గుంటూరు జనరల్ ఆస్పత్రిలో న్యూరాలజీ ఉంది, అటు విశాఖలో కేజీహెచ్, తిరుపతిలో స్విమ్స్, ఇంకా తేలకపోతే బెంగళూరు నిమ్హాన్స్. పెద్ద ఆస్పత్రికే పోవాలని రూలేం లేదు, మా ఊళ్ళో నన్ను పట్టుకున్న డాక్టర్ గది మా వంటింటికంటే చిన్నది.

డిగ్రీ ఒక్కటే చాలదు కూడా. న్యూరాలజిస్టుల్లో ఫిట్స్ ఎక్కువ చూసేవారు, పక్షవాతం ఎక్కువ చూసేవారు ఉంటారు. ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే రిసెప్షన్లో అడగండి, డాక్టరుగారు తలనొప్పి పేషెంట్లని ఎక్కువగా చూస్తారా, హెడేక్ క్లినిక్ రోజు ఏదైనా ఉందా అని. వెళ్ళాక నేను గమనించేది ఒకటే, ఆయన ఎన్ని నిమిషాలు ఉంటుంది, ఎన్నింటికి వస్తుంది, వచ్చినప్పుడు ఏం చేస్తారు అని అడుగుతున్నాడా లేక ఫైల్లో స్కాన్ మాత్రమే తిరగేస్తున్నాడా. ఈ జబ్బుకి నిర్ధారణ స్కాన్లో ఉండదు, మీ నోట్లో ఉంటుంది. స్కాన్ దేనికంటే ఇంకేదీ లేదని చూసుకోడానికి, అరుదుగా మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దగ్గర గడ్డ ఉన్నా ఇలాంటి నొప్పే వస్తుంది, అందుకని సీటీ కాకుండా ఎమ్మారై రాస్తారు, పిట్యూటరీ కూడా చూడమని.

ఓపీలో మీకు దొరికేది ఐదు నిమిషాలు. అందులో మొదటి మూడు నిమిషాలు ముక్కు ఆపరేషన్ కథ చెప్తే అయిపోయినట్టే, ఆయన బుర్ర సైనస్ వైపు తిరిగిపోతుంది. ముందు నొప్పి చెప్పండి: "ఎడమ పక్కే వస్తుంది సార్, గంట ఉంటుంది, రాత్రి ఫలానా టైముకే, కన్ను ఎర్రబడుతుంది, కూర్చోలేను." తర్వాత వీడియో చూపించండి. ఆపరేషన్లు ఆఖర్న. పాత చీటీలన్నీ తీసుకెళ్ళండి, కానీ అడిగితేనే బయటికి తీయండి. "ఇది క్లస్టర్ అయ్యే అవకాశం ఉందా, కాదనుకుంటే ఎందుకు కాదో చెప్తారా" అని అడగడంలో తప్పు లేదు, మర్యాదగా అడిగితే ఏ మంచి డాక్టరూ విసుక్కోడు, విసుక్కుంటే ఇంకొకాయన ఉన్నాడు.

ఆ ప్రొప్రనలాల్ సంగతి మాత్రం మర్చిపోకుండా చెప్పాలి. క్లస్టర్ అని తేలితే నివారణకి మొదట రాసేది ఎక్కువగా వెరాపమిల్, ఆ రెండూ కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. అలాగని మీ అంతట మీరు ఇవాళే మానేయకండి, అది కూడా డాక్టర్ చెప్పినట్టు మెల్లిగా తగ్గించాల్సిన మందే.

అన్నా, కాకినాడ నుంచి రాస్తున్నా, 27. నాకు క్లస్టర్ అని రెండేళ్ళ కిందటే చెప్పారు. ఆక్సిజన్ పెట్టుకుంటే పోతుందని విని, కోవిడ్ టైంలో నాన్నకి కొన్న కాన్సంట్రేటర్ (గాల్లోంచి ఆక్సిజన్ తీసే మిషన్) అటక మీంచి దించి ముక్కులో గొట్టాలు పెట్టుకున్నా, గంట కూర్చున్నా ఏం లాభం లేదు. ఆక్సిజన్ అందరికీ పనిచేయదా?

తమ్ముడూ, నువ్వు పెట్టుకున్నది ఆక్సిజనే కానీ ఈ నొప్పికి అది చిటికెడు. ఇంట్లో వాడే కాన్సంట్రేటర్ మామూలుగా నిమిషానికి ఐదు లీటర్లు ఇస్తుంది, ముక్కు గొట్టాల్లోంచి వచ్చేటప్పటికి చుట్టూ ఉన్న గాలి కూడా కలిసిపోతుంది. మనక్కావలసింది నూటికి నూరు శాతం ఆక్సిజన్, నిమిషానికి 12 నుంచి 15 లీటర్లు, అదీ సిలిండర్ నుంచి, కింద సంచి వేలాడే మాస్కుతో, దాన్ని నాన్ రీబ్రీదర్ మాస్క్ అంటారు. లండన్లో చేసి 2009లో అచ్చేసిన ఒక పరీక్షలో 12 లీటర్ల ఆక్సిజన్ పీల్చినప్పుడు పదిహేను నిమిషాల్లో 78 శాతం సార్లు నొప్పి పోవడమో బాగా తగ్గడమో జరిగింది, తెలీకుండా మామూలు గాలి పెట్టినప్పుడు 20 శాతం.

నేను చేసేది ఇది. మంచం పక్కన సిలిండర్, స్టాండుకి గొలుసుతో కట్టి. మెలకువ వచ్చి కన్ను గుంజడం మొదలవగానే, ఇంకా నొప్పి ముదరకముందే, లేచి కూర్చుంటా. వాల్వ్ తిప్పి ఫ్లోమీటర్లో (నిమిషానికి ఎన్ని లీటర్లో చూపే గొట్టం) గోళీ 12 దగ్గర నిలబడేదాకా చూస్తా, మాస్క్ సంచి పూర్తిగా ఉబ్బనిస్తా, అప్పుడు మొహానికి గట్టిగా అదుముకుని మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి ముందుకి వంగి పీలుస్తా. పీల్చినప్పుడు సంచి సగానికి పడాలి కానీ మొత్తం చప్పబడకూడదు, చప్పబడితే లీటర్లు పెంచాలి. మాస్క్ పక్కల్నుంచి గాలి దూరితే లాభం లేదు, నాకు గడ్డం ఉన్నప్పుడు సరిగ్గా కూర్చునేది కాదు, ఆ సీజన్లో గీసేస్తా. ఏడో నిమిషం దాకా ఏమీ అనిపించదు, తిట్టుకుంటూ కూర్చుంటా, పదో నిమిషం దాటాక కంటి వెనక బిగుతు ఒదులవుతుంది.

లెక్క కూడా చూసుకో. చిన్నది, బి టైప్ సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లు ఉంటుంది, నిమిషానికి 12 చొప్పున పదిహేను నిమిషాలంటే 180 లీటర్లు, అంటే ఎనిమిది నొప్పులకి సరిపోతుంది. రోజుకి రెండు మూడు సార్లు వచ్చేవాడికి మూడు నాలుగు రోజుల్లో ఖాళీ. పెద్దది, డి టైప్‌లో సుమారు 7000, అది ఎత్తడం ఇద్దరి పని కానీ నెల్లో పదిసార్లు షాపు చుట్టూ తిరిగే బాధ ఉండదు. డాక్టర్‌తో లీటర్లు, మాస్కు రకం స్పష్టంగా చీటీ మీద రాయించుకో, లేకపోతే షాపువాడు మామూలు మాస్కు అంటగడతాడు, నాకు రెండుసార్లు అంటగట్టారు. వెల్డింగ్ షాపు సిలిండర్ జోలికి పోవద్దు. వాల్వ్ మీద నూనె చెయ్యి పెట్టకూడదు, ఆ గదిలో సిగరెట్, అగరొత్తి, దీపం ఏవీ వద్దు, మా దేవుడి మందిరం పక్క గదికి మారింది దీని వల్లే. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళయితే డాక్టర్‌ని అడక్కుండా అసలు మొదలుపెట్టకూడదు.

ఆక్సిజన్ దొరకనప్పుడో ప్రయాణాల్లోనో సుమట్రిప్టాన్ 6 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, చర్మం కిందికి, ఇన్సులిన్ వేసుకున్నట్టే. అది కుదరకపోతే జోల్మిట్రిప్టాన్ ముక్కు స్ప్రే. అదే ట్రిప్టాన్ బిళ్ళ మింగితే అది కరిగి పనిచేసేలోపు నొప్పి దానంతటదే పోయే టైమవుతుంది. గుండె జబ్బు, పక్షవాతం వచ్చినవాళ్ళకీ, బీపీ అదుపులో లేనివాళ్ళకీ ఈ మందులు ఇవ్వరు, ఇంజెక్షన్ అయితే రోజుకి రెండుకి మించకూడదు. అన్ని షాపుల్లో స్టాకుండదు, సీజన్ మొదలవకముందే ఆర్డర్ చెప్పి పెట్టుకో.

వరంగల్ నుంచి. నాకు 29, నొప్పి పది నిమిషాలే ఉంటది, కానీ రోజుకు పది పన్నెండు సార్లు వస్తది, ఎప్పుడూ కుడి దిక్కే, కన్ను నీళ్ళు కారుతది. ఇది కూడా క్లస్టరేనా?

చెల్లెమ్మా, కాకపోవచ్చు, కాకపోతే నీకు మంచిదే. క్లస్టర్ రోజుకి ఎనిమిదికి మించి రావడం ఉండదు, ఇంత తక్కువసేపూ ఉండదు. దీనికి చుట్టమే ఇంకోటుంది, పారాక్సిస్మల్ హెమిక్రేనియా అని, నోరు తిరగదు, కాగితం మీద రాసుకుని పో. దాని విశేషం ఏంటంటే ఇండోమెథసిన్ అనే మందుకి పూర్తిగా లొంగిపోతుంది, ఆ మందుకి తగ్గిందా లేదా అనేదే దానికి పరీక్ష కూడా. కడుపులో మంట పెట్టే మందు, అల్సర్ ఉన్నా, కిడ్నీ సమస్య ఉన్నా, గర్భం ఉన్నా డాక్టర్‌కి ముందే చెప్పాలి. న్యూరాలజిస్ట్‌తో నిమిషాలు, సార్లు అంకెల్లో చెప్పు, 'మాటిమాటికీ వస్తది' అంటే ఎవరికీ అర్థం కాదు.

అన్నా, నేను ఎమ్మెస్సీ చేయడానికి ఇంగ్లాండ్‌లో లెస్టర్ వచ్చా. ఇక్కడ జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టర్, నొప్పికి పారాసెటమాల్, కోడీన్ రాసి న్యూరాలజీకి రిఫర్ చేశాడు, డేట్ నాలుగు నెలల తర్వాత. అప్పటికి నా సీజనే అయిపోతది.

నాలుగు నెలలు ఊరికే కూర్చోవద్దు. అక్కడ డాక్టర్లు పాటించే నైస్ (ఏ జబ్బుకి ఏ వైద్యమో చెప్పే ప్రభుత్వ సంస్థ) గైడ్‌లైన్స్ 2012 నుంచీ క్లస్టర్‌కి ఆక్సిజన్, ఇంజెక్షన్ లేదా ముక్కు స్ప్రే ట్రిప్టాన్ ఇవ్వమనీ, పారాసెటమాల్, కోడీన్ లాంటివి ఇవ్వొద్దనీ చెప్తున్నాయి. జీపీ దగ్గరికి మళ్ళీ వెళ్ళి ఆ పేజీ మర్యాదగా చూపించు, న్యూరాలజిస్ట్‌కి రాసి సలహా తీసుకోమను, ఇంటికి ఆక్సిజన్ కోసం హూఫ్ అనే ఫారం ఉంటుంది, అది జీపీతోనో న్యూరాలజిస్ట్‌తోనో నింపిస్తే ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్యం) తరఫునే ఇంటికి తెచ్చి పెడతారు. షేరింగ్ ఇల్లు కాబట్టి రూమ్మేట్లకి ముందే చెప్పు, వంటగదిలో పెట్టొద్దు, సిగరెట్ తాగేవాడు ఉంటే బయటికి పొమ్మను. వాళ్ళకి నీ నొప్పి సంగతి కూడా చెప్పు, రాత్రి రెండింటికి నువ్వు గోడ పట్టుకుని మూలుగుతుంటే పాపం భయపడి చస్తారు.

అనంతపురం, 52. వెరాపమిల్ మొదలుపెట్టాక డోసు పెంచిన ప్రతిసారీ ఈసీజీ తీయిస్తున్నారు. నొప్పి తలకి, పరీక్ష గుండెకి. డబ్బుల కోసమేనా?

కాదండీ, మీ డాక్టరు మంచాయన, వదులుకోకండి. వెరాపమిల్ అసలు గుండెకీ బీపీకీ తయారైన మందు, క్లస్టర్‌కి వాడే డోసు వాటికి వాడే డోసు కంటే తరచుగా ఎక్కువే ఉంటుంది, రోజుకి 240 మిల్లీగ్రాములతో మొదలై కొందరికి 960 దాకా వెళ్తుంది. గుండెలో కరెంటు నడిచే దారి దాని వల్ల నెమ్మదిస్తుంది, మనకి తెలీకుండానే. అది ఈసీజీలోనే దొరుకుతుంది. ఈసీజీ లేకుండా పెంచేవాడు దొరికితే అప్పుడు అనుమానపడండి. మలబద్ధకం మాత్రం ఖాయం, నాకు జామకాయలే గతి. మందు పట్టుకోడానికి పది పదిహేను రోజులు పడుతుంది, ఆ లోపు ఆపడానికి ప్రెడ్నిసొలోన్ స్టెరాయిడ్ కొద్ది రోజులు ఇచ్చి తగ్గించుకుంటూ వస్తారు, లేకపోతే తల వెనక నరం దగ్గర ఇంజెక్షన్ చేస్తారు. మీకు షుగర్ ఉంటే స్టెరాయిడ్ రాసేముందే చెప్పండి, మీటర్ ఎగిరిపోతుంది. పోయినేడు మిగిలిన స్టెరాయిడ్ బిళ్ళలు ఈ ఏడు సొంతంగా వేసుకునేవాళ్ళు కొందరు నాకు తెలుసు, ఆ పని వద్దు, ఎముకలు పోతాయి.

పేరు వద్దు. నొప్పి వచ్చిన ప్రతిసారీ మేడ మీద నుంచి దూకేయాలనిపిస్తుంది. పోయాక సిగ్గేస్తుంది. ఎవరికీ చెప్పలేదు.

నాకు చెప్పారు, మంచి పని చేశారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఈ జబ్బుకి ఇంగ్లీషులో ఆత్మహత్య తలనొప్పి అని ఒక పాత పేరే ఉంది, ఈ ఆలోచన ఎంతమందికి వస్తే ఆ పేరు వచ్చుంటుందో చూడండి. నాకూ వచ్చింది, మూడో ఏట. ఇవాళే ఇంట్లో ఒక్కరికి చెప్పండి, నొప్పి వచ్చినప్పుడు మేడ తలుపు తాళం వాళ్ళ దగ్గర ఉండాలి, మీ దగ్గర కాదు. టెలీ మానస్ (ప్రభుత్వం నడిపే మానసిక సాయం ఫోన్) నంబర్ 14416, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. న్యూరాలజిస్ట్‌కి కూడా ఈ మాట ఇదే వాక్యంలో చెప్పండి, అప్పుడు మీ అపాయింట్‌మెంట్ ముందుకి జరగొచ్చు, మందు కూడా గట్టిగా రాయొచ్చు. వచ్చే నెల నాకు మళ్ళీ రాయండి, రెండు లైన్లయినా సరే, ఎదురు చూస్తుంటా.

అమృతాంజనం, ఆవిరి, అల్లం పట్టు, వీటిలో ఏదైనా పనిచేస్తుందా? ఒక ఒంగోలు పాఠకుడు.

అమృతాంజనం పొరపాటున కంట్లో పడితే నొప్పి ఎక్కడుందో కాసేపు మర్చిపోతారు, అంతే.

చీరాల నుంచి. ఆరు వారాలు నరకం చూశాక రెండు నెలలుగా రాలేదు. పూర్తిగా పోయినట్టేనా? మందులు ఆపేయొచ్చా?

పోయిందని ఎవరూ చెప్పలేరు, సెలవు మీద వెళ్ళింది అనుకోండి. ఎక్కువమందికి ఇలా నెలలపాటో ఏళ్ళపాటో విరామం ఇచ్చే రకమే, విరామం లేకుండా ఏడాది పొడుగునా వచ్చే రకం తక్కువమందికి. మందులు మాత్రం మీరుగా ఆపకండి, సీజన్ అయిపోయిందని డాక్టర్‌కి చెప్తే ఆయనే మెట్లు మెట్లుగా దించుతారు. ఈ ఖాళీ రోజుల్లో చేసుకునే పనులే ఎక్కువ అసలు: డాక్టర్ దగ్గర తీరిగ్గా కూర్చుని ఈసారి మొదటి రోజే ఏం చేయాలో కాగితం మీద రాయించుకోవడం, ఇంజెక్షన్ ఎక్స్‌పైరీ తేదీ చూసుకోవడం, మాస్క్ రబ్బరు గట్టిపడితే మార్చుకోవడం, ఆఫీసులో పైవాడికి ఒకమాట చెవిన వేయడం. నేనైతే కార్తీక పౌర్ణమి వెళ్ళిన మర్నాడు సిలిండర్ గేజ్ చూసుకుని షాపుకి ఫోన్ చేస్తా. ఈ ఏడు పౌర్ణమి వెళ్ళి నాలుగు రోజులైంది, మీ ఉత్తరాల్లో పడి ఇంకా చూడనేలేదు, ఈ పేజీ ఎడిటర్‌కి పంపేసి లేచి చూడాలి.